తెలిసినా ఆగని చెయ్యి

(హైదరాబాద్‌లో వ్యవసాయ విద్యార్థులు, విస్తరణాధికారులు, నగరవాసులు కలిసి కూర్చున్న ఒక సాయంత్రపు సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వానలో, ఈ ట్రాఫిక్‌లో ఇంతమంది వస్తారనుకోలేదు. పురుగుమందుల గురించి మాట్లాడతామంటే జనం రావడమే విశేషం.

మనం కూర్చున్న ఈ నగరం రైతు శిక్షణకు రాజధాని లాంటిది. ఆరాంఘర్ దాటి రాజేంద్రనగర్ వైపు వెళ్లండి. వ్యవసాయ విశ్వవిద్యాలయం, వరి పరిశోధనా సంస్థ, విస్తరణాధికారులకు శిక్షణ ఇవ్వడానికి 1987లో పెట్టిన మేనేజ్ సంస్థ, అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. 1966లో ఇక్కడే మొదలైన మొక్కల సంరక్షణ శిక్షణ సంస్థ 2008లో ఎన్‌ఐపీహెచ్‌ఎం, అంటే జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ అయింది. దేశం నలుమూలల నుంచి అధికారులు వచ్చి పురుగుల గురించి, మందుల గురించి ఇక్కడ నేర్చుకుని పోతారు. తెలంగాణలో 5 వేల ఎకరాలకు ఒక క్లస్టర్ చొప్పున 2,601 రైతు వేదికలు కట్టారు, క్లస్టర్‌కో ఏఈవోను, అంటే వ్యవసాయ విస్తరణాధికారిని పెట్టారు. చెప్పే వాళ్లకు కొదవ లేదు, చెప్పే చోటుకూ కొదవ లేదు. మరి ఇంత చెప్పాక రైతు తలలోకి ఏం వెళ్తోంది, చేతిలోకి ఏం వస్తోంది? ఈ రోజు నా గోల అంతా దాని గురించే.

శిక్షణ పనిచేసిందా లేదా అని మనం ఎలా కొలుస్తామో ముందు చూద్దాం. మొదటి రోజు ఒక ప్రశ్నపత్రం ఇస్తాం, చివరి రోజు అదే ప్రశ్నపత్రం మళ్లీ ఇస్తాం. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే దేనికి గుర్తు? ఎర్రది అత్యంత విషపూరితం, తర్వాత పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. మొదటి రోజు తప్పు రాసినవాళ్లు చివరి రోజు ఒప్పు రాస్తారు. మార్కులు పెరుగుతాయి, నివేదికలో ఒక బార్ గ్రాఫ్ వస్తుంది, అందరికీ సంతోషం. అందులో మోసమేమీ లేదు, జ్ఞానం నిజంగానే పెరుగుతుంది.

వైఖరి దగ్గరికి వచ్చేసరికే తిరకాసు. 'పురుగుమందులు ఆరోగ్యానికి హాని చేస్తాయి, మీరు ఒప్పుకుంటారా?' అని అడుగుతాం. ఎదురుగా సారు కూర్చున్నాడు, చేతిలో చాయ్ ఉంది, పక్కన ఏఈవో ఉన్నాడు. కాదని ఎవరంటారు చెప్పండి? శిక్షణకు ముందు కూడా ఒప్పుకుంటారు, తర్వాత కూడా ఒప్పుకుంటారు. పైగా ఆ మాట వాళ్లకు మనం నేర్పాల్సింది కాదు. మందు డబ్బా ఇంట్లో ఉంటే ఏమవుతుందో తెలంగాణ పల్లెకు తెలిసినంత మనకెవరికీ తెలియదు. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలమీద లద్దెపురుగు విరుచుకుపడినప్పుడు, ఎంత కొట్టినా పురుగు చావక, ఆ మందే తాగి ఎంతమంది పోయారో ఇక్కడున్న పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి ప్రాంతంలో కూర్చుని 'మందు విషం' అని పాఠం చెప్పడం నాకైతే కొంచెం సిగ్గుగా ఉంటుంది.

విషమని తెలిసీ ఎందుకు కొడతాడు? నేను ఇన్నాళ్లుగా చూసిందాన్ని బట్టి నాకు దొరికిన జవాబు ఒక్కటే: భయం. వరి నాటి మూడు వారాలైంది. ఆకుల మీద తెల్లటి చారలు కనబడ్డాయి, ఆకుముడత పురుగు. పక్క చేలో మందు కొట్టే తైవాన్ పంపు మోత వినబడుతోంది. ఆ మోత విన్నాక ఇంట్లో కాలు నిలవదు. పక్కవాడు కొడితే వాడి చేలోంచి పురుగంతా నా చేలోకి వస్తుందని ఒక టెన్షన్. రేపు పంట పోతే 'అందరూ కొట్టారు, నువ్వెందుకు కొట్టలేదు' అని ఇంట్లో అంటారని ఇంకో టెన్షన్. ఎకరానికి పెట్టే మందు ఖర్చు ఎంత, పోతే పోయే పంట ఎంత? ఆ లెక్క వేసుకుని షాపుకు వెళ్తాడు. ఆ డబ్బుతో ఆయన కొనుక్కునేది ఆ రాత్రి నిద్ర. ఆయన స్థానంలో నేనున్నా వెళ్తానేమో.

అందుకే శిక్షణ వల్ల వైఖరి మారిందా అంటే నేను చూసేది ఒక్కటే. పురుగు కనబడ్డాక ఇంకో మూడు రోజులు చూద్దామని ఆగే ధైర్యం ఆయనకు వచ్చిందా లేదా? పవర్‌పాయింట్ చూపిస్తే ఆ ధైర్యం రాదు.

మరి ఎలా వస్తుంది? ఈ ఆకుముడత కథే చెప్తాను. ఫిలిప్పీన్స్‌లోనూ, తర్వాత వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలోనూ 1990లలో వరి శాస్త్రవేత్తలు రైతులకు ఒక చిన్న పని అప్పజెప్పారు. పొలమంతా మామూలుగానే చేసుకోండి, ఒక మూలన కొంత జాగాలో మాత్రం మొదటి 30-40 రోజులు పురుగుమందు కొట్టకండి, దిగుబడి మీరే తూచుకోండి అన్నారు. మానెయ్యమని అనలేదు, 'ఒక మూల' అన్నారంతే. తూచి చూస్తే తేడా లేదు. ఆ తర్వాత ఆ ముక్కనే రేడియోలో నాటికలుగా, పోస్టర్లుగా ఊరూరా తిప్పారు. మెకాంగ్ డెల్టాలో ప్రచారం జరిగిన చోట పిచికారీలు దాదాపు సగానికి తగ్గాయి. ఇందులో నాకు నచ్చిందేంటంటే, నష్టపోయినా ఆ మూల వరకే నష్టపోతాడు. భయాన్ని ఎవరూ వెక్కిరించలేదు, దాని సైజు తగ్గించారు.

మన దగ్గర ఇదే పని పొలంబడి చేసింది. ఇక్కడున్న కుర్ర ఏఈవోల్లో చాలామంది పొలంబడి పేరు విని ఉంటారు గానీ జరుగుతుండగా చూసి ఉండరు. వారానికో రోజు, పాతిక ముప్ఫై మంది రైతులు, పంట కాలం పొడుగునా పొలం గట్టు మీదే. పొద్దున్నే చేలో దిగి, దుబ్బు దుబ్బుకూ పురుగులు లెక్కపెడతారు. తర్వాత చెట్టు కింద చాపేసుకుని పెద్ద కాగితం మీద వరి మొక్క బొమ్మ గీస్తారు. ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు. సాలీళ్లు ఎన్ని, అక్షింతల పురుగులు ఎన్ని, వరి రసం పీల్చే దోమలు ఎన్ని. అది చూసి ఈ వారం ఏం చెయ్యాలో వాళ్లే తేలుస్తారు.

అందులో రెండు పనులు నాకు ఎప్పటికీ ఇష్టం. మొదటిది కత్తెర పని. ఆకుముడత పురుగు తిన్నట్టే మనమే కత్తెరతో ఆకులు కత్తిరిస్తాం. ఒక గజం చోటులో నాలుగో వంతు ఆకు కోసేసి కర్ర పాతి గుర్తు పెడతాం. రైతులు మొదట నవ్వుతారు, తర్వాత ముసలివాళ్లు తిడతారు, పచ్చని పైరు కత్తిరిస్తారా అని. పిలకలేసే దశలో వరి ఆ నష్టాన్ని కొత్త ఆకుతో పూడ్చుకుంటుంది. కోతప్పుడు ఆ గజాన్నీ, పక్క గజాన్నీ విడిగా నూర్చి తూస్తే తేడా కనబడదు. అప్పుడు చూడాలి మొహాలు. తాను ఎన్నేళ్లుగా ఆ చారలకు భయపడి ఎంత డబ్బు పోశాడో అక్కడికక్కడే లెక్కేసుకుంటాడు.

రెండోది సీసా పని. ప్లాస్టిక్ సీసాలో ఒక వరి పిలక, నాలుగు దోమలు, ఒక సాలీడు పెట్టి మూతికి పల్చటి గుడ్డ కట్టి ఇంటికి తీసుకెళ్లమంటాం. మర్నాడు దోమలుండవు, సాలీడు ఉంటుంది. ఇంట్లో పిల్లలు సీసా చుట్టూ చేరి ఊరంతా చాటింపు వేస్తారు. 'దోమపోటుకు ముందే ఎడాపెడా మందు కొడితే సాలీళ్లు చచ్చి దోమ ఇంకా పెరుగుతుంది' అని నేను గంట చెప్పినా ఎక్కదు. సీసాలో చూసినవాడికి చెప్పక్కర్లేదు. తర్వాత దుబ్బుకు పదో పదిహేనో దోమలుంటేనే ఆలోచించాలి, నాటేటప్పుడే రెండు మీటర్లకు ఒక కాలిబాట తీయాలి, పొలం ఆరగట్టాలి అని చెప్తే వింటాడు.

ఈ పొలంబడి పద్ధతి మనకు ఇండోనేసియా నుంచి వచ్చింది. ఆ దేశం వరిలో దోమతో దెబ్బతిని 1986లో 57 రకాల మందులను వరిలో నిషేధించింది. మందుల మీద ఇచ్చే సబ్సిడీ ఎత్తేసింది. 1989లో ఈ బడులు మొదలుపెట్టింది. ఈ మూడూ కలిపి చూడండి. పొలంబడిని పొగిడేవాళ్లు మొదటి రెండూ మర్చిపోతారు. మందు చవగ్గా దొరుకుతుంటే, షాపులో ఎర్ర త్రికోణం డబ్బాలు వరసగా పేర్చి ఉంటే, బడి ఒక్కటే ఎంతని ఈడుస్తుంది?

చేదు మాట కూడా చెప్పాలి. అదే ఇండోనేసియాలో తర్వాత ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. బడికి వెళ్లిన రైతుల జ్ఞానం కొంత పెరిగింది, కానీ పక్కింటి రైతుకు అది పాకలేదన్నారు. 1990లంతా కలిపి చూస్తే దిగుబడిలో, మందుల వాడకంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదన్నారు. దాని మీద పెద్ద వాదనలే జరిగాయి. 2014లో ప్రపంచవ్యాప్తంగా జరిగిన అధ్యయనాలన్నీ ఒకచోట పెట్టి సమీక్షించినప్పుడూ దాదాపు ఇదే తేలింది. చిన్నగా, శ్రద్ధగా నడిపిన చోట మందులు తగ్గుతాయి. బడికి రాని పక్కవాడికి మాత్రం విద్య అంటదు.

ఎందుకు అంటదో నాకు ఆశ్చర్యంగా లేదు. బడికి వెళ్లినవాడు ఇంటికొచ్చి పక్కవాడితో ఏం చెప్తాడు? 'మందు అక్కర్లేదంట' అంటాడు. ఆయన చూసిందంతా పోయి ఆ ఒక్క 'అంట' మిగులుతుంది. అది మళ్లీ మన ఉపన్యాసమే. చూపు ఒకరి నుంచి ఇంకొకరికి మాటతో పోదు. శిక్షణ ఇస్తే ఊళ్లో ఐదుగురు ఆదర్శ రైతులకు ఇచ్చి, వాళ్ల నుంచి మిగతావాళ్లకు పారుతుందని ఎదురుచూసే పద్ధతి మీద నాకు నమ్మకం లేనిది అందుకే.

పురుగులు కూడా ఊరుమ్మడివే. ఎర్ర గొంగళి పురుగును చూడండి. తొలకరి పడగానే భూమిలోంచి రెక్కల పురుగులు లేస్తాయి. ఆ రాత్రుళ్లు గట్ల మీద మంటలు వేస్తే వచ్చి పడతాయి. ఒక్కడు వేస్తే ఊళ్లో పురుగంతా వాడి చేలోకే వస్తుంది. ఊరంతా వేస్తేనే లాభం. పాల్వంచ దగ్గర పునుకుల గ్రామం పత్తి, మిరప పండించే ఊరు, మందుల అప్పులతో నలిగిన ఊరు. 2003 నాటికి ఊరు ఊరంతా పురుగుమందులు మానేశామని ప్రకటించుకుంది. మొదట కొద్దిమందే మొదలుపెట్టారు. ఊరంతా కదిలింది మాత్రం మహిళా సంఘాలు పట్టుకున్నాకే. ఆ తర్వాత 2004-05 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వ గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ ఇదే పనిని మహిళా సంఘాల ద్వారా వేల ఊళ్లకు తీసుకెళ్లింది. ఇంటి ఖర్చు, ఇంట్లో జబ్బు రెండూ ఇల్లాలి కళ్లముందే ఉంటాయి కాబట్టి మందు వద్దనే మాట ఆవిడ నోట్లో బలంగా వస్తుంది.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. మన శిక్షణలకు ఎవరొస్తారు? పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లు. పంపు ఎవరి వీపు మీద ఉంటుంది? చాలా ఊళ్లలో కూలీ వీపు మీద. మందు కలిపేదెవరు, డ్రమ్ములో నీళ్లు పోసేదెవరు? ఆడవాళ్లు. 'అమ్మా, మీరు మందు కొడతారా' అని అడిగితే 'మేమెక్కడ కొడతం మేడమ్, కలిపి అందిస్తం అంతే' అంటారు. ఆ 'అంతే'లో చేతులకు గ్లౌజుల్లేకుండా చిక్కటి మందు కొలవడం ఉంటుంది. పలచన చేసిన మందు కొట్టడం కంటే అదే ప్రమాదం.

2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు ఊళ్లలో 50 మంది పత్తి రైతు మహిళలు ఒక సీజన్ పొడుగునా తమకూ, ఇంట్లో మగవాళ్లకూ మందు కొట్టిన ప్రతిసారీ ఏమైందో వాళ్లే నమోదు చేశారు. 323 సందర్భాల్లో 83.6 శాతం సార్లు ఏదో ఒక విష లక్షణం కనబడింది. కళ్ల మంట దగ్గర్నుంచి వణుకు దాకా. ఒక్కరు కూడా ఆసుపత్రికి పోలేదు. ఎందుకంటే అది 'మామూలే'. పిచికారీ రోజున తల తిరుగుతుంది, చల్ల తాగి పడుకుంటే పోతుంది. మన ప్రశ్నపత్రంలో 'హానికరమా?' అంటే అవునని టిక్కు పెట్టిన మనిషే, తన తల తిరగడాన్ని హాని కింద లెక్కెయ్యడు. మారాల్సిన వైఖరి ఏదైనా ఉందంటే ఇదీ.

2017లో మన ఆదిలాబాద్ సరిహద్దు అవతల, యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. ఏపుగా పెరిగిన పత్తి, రెండు మూడు మందులు కలిపి కొట్టడం. పోయినవాళ్లలో కూలీలే ఎక్కువ. వాళ్లలో ఎవరినైనా ఏ శిక్షణకైనా ఎవరైనా పిలిచి ఉంటారా అన్నది నా అనుమానం.

అలాంటి వాళ్ల కోసం ఒక చిన్న పని ఉంది. పంపులో మందు బదులు ఎర్ర రంగు నీళ్లు పోసి, తెల్ల బట్టలు వేసి, ఎప్పటిలాగే కొట్టమనండి. పావుగంట తర్వాత నిలబెట్టి చూడండి. తొడల ముందు భాగం ఎర్రగా తడిసిపోయి ఉంటుంది, ఎందుకంటే తాను కొట్టిన పైరులోకే నడుస్తున్నాడు. ట్యాంకు కారి వీపు కింద ఒక పట్టీ. నాజిల్ విప్పి నోటితో ఊదే అలవాటుంటే పెదాల మీద కూడా ఎరుపు. అది చూశాక మూతికి మాస్కు కంటే మోకాళ్ల దాకా ప్లాస్టిక్ పట్టా కట్టుకోవడం, గాలి వాటం చూసుకుని వెనక్కి నడుస్తూ కొట్టడం ముఖ్యమని వాళ్లే చెప్తారు. సెప్టెంబరు ఉక్కలో పూర్తి రక్షణ సూటు వేసుకోమని చెప్పే పోస్టర్ చూస్తే నాకు చిరాకు. ఏసీ గదిలో గీసిన బొమ్మ అది.

ఇక షాపు సంగతి. రైతుకు నిజమైన విస్తరణాధికారి మందుల షాపు యజమానే, ఇష్టమున్నా లేకపోయినా. 'అన్నా, మొన్నటిది పనిచేస్తలేదు, గట్టిది ఇయ్యి' అంటే ఆయన ఇస్తాడు. ఉద్దెరకు ఇస్తాడు, పంటొచ్చాక కట్టమంటాడు. కౌలు రైతుకు బ్యాంకు అప్పు అంత సులువుగా దొరకదు, ఈ ఖాతానే దిక్కు. ఖాతా ఉన్న షాపులో 'ఈ మందు వద్దు' అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. మేనేజ్ 2003లో డీలర్లకే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. మంచి ఆలోచన. చదివిన డీలర్లలో బాగా మారినవాళ్లను చూశాను, ఆకు తెచ్చి చూపిస్తేనే మందిచ్చేవాళ్లను. కానీ అమ్మితేనే గడిచే మనిషికి అమ్మకుండా ఉండడం ఎంత నేర్పినా ఒక హద్దు ఉంటుంది. సలహా ఇచ్చేవాడూ అమ్మేవాడూ ఒకడే కాకుండా చూడటం శిక్షణ పని కాదు, ప్రభుత్వం పని.

పొలంబడితో అన్నీ తీరతాయని నేను అనడం లేదు. 2021-22లో మిరపలో నల్ల తామర పురుగు వచ్చింది. ఖమ్మం, గుంటూరు, వరంగల్ అన్నీ అల్లాడాయి. పూత మీద గుంపులుగా కూర్చునే కొత్త పురుగు. నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, వేప నూనె కొట్టండి, ఎడాపెడా మందులు కలపకండి అని చెప్తున్నా, లక్షల పెట్టుబడి కళ్లముందు రాలిపోతుంటే ఎవరు ఆగుతారు? కొట్టినవాళ్లూ నష్టపోయారు, కొట్టనివాళ్లూ నష్టపోయారు. అలాంటి ఏడాది ధైర్యం గురించి నేను రైతుకు పాఠం చెప్పను. అలాంటప్పుడు కావాల్సింది పంట బీమా. నష్టం వస్తే ఆదుకునేవాడున్నాడని తెలిస్తేనే మనిషి ఆగుతాడు. శిక్షణనూ బీమానూ వేర్వేరు శాఖల ఫైళ్లలో ఉంచినంత కాలం రెండూ సగం సగమే పనిచేస్తాయి.

నగరవాసులకు ఒక మాట. రైతు బజార్లో వంకాయకు చిన్న బెజ్జం ఉంటే పక్కన పెడతాం. మొయినాబాద్, చేవెళ్ల నుంచి కూర తెచ్చే రైతుకు ఆ సంగతి బాగా తెలుసు. కోతకు రెండు రోజుల ముందు కూడా ఎందుకు కొడతావు, కొట్టాక ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసి లేదా అని అడిగితే, 'మచ్చ ఉంటే మీరు కొంటరా?' అంటాడు. ఆయనకు నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉంటే చెప్పండి.

విద్యార్థులూ, ఈ ఏడాది మీలో ఎవరైనా శిక్షణల మీద సర్వే చేయబోతుంటే, ఆ 'హానికరమా, ఒప్పుకుంటారా' ప్రశ్న తీసేయండి. దాని బదులు ఇవి అడగండి: ఈ వానకాలంలో మందు కొందామనుకుని కొనకుండా ఆగిన రోజు ఉందా, ఎందుకు ఆగారు, ఆగాక ఏమైంది? మందు ఎవరు కలిపారు, పంపు ఎవరు మోశారు, ఆ మనిషి ఎప్పుడైనా శిక్షణకు వచ్చాడా? షాపులో బాకీ ఎంత ఉంది? ఈ చివరి ప్రశ్నకు వాళ్లు నిజం చెప్పాలంటే మీరు రెండుసార్లైనా ఆ ఇంటికి వెళ్లాల్సి ఉంటుంది, వెళ్లండి.

వెనకాల మైకు తిప్పుతున్నారు. ముందు రైతులెవరైనా ఉంటే వాళ్లను అడగనిద్దాం.